రేవు రాయి

దయ్యం పట్టిందని ఎవరైనా అంటే, ముందు కడుపు నిండా అన్నం పెట్టి చూడండి అనేదాన్ని. ఇప్పటికీ అదే అంటాను. ఆ ఒక్క మధ్యాహ్నం సంగతి వస్తే మాత్రం నోరు మూసుకుంటాను.

మాది కర్నూలు. కేసీ కాలువ గట్టున నేను, మా తమ్ముడు యోహాను కలిసి టెంటుహౌస్ నడుపుతున్నాం. అమ్మానాన్న పోయాక నాకు మిగిలింది వాడొక్కడే.

మేము సామాన్లు పెట్టుకునే రాతి గోదాము పడవల కాలం నాటిది. ఇప్పుడు ఆ కాలువ పొలాలకే గానీ, ఒకప్పుడు కడప దాకా దాంట్లో సరుకు పడవలు నడిచేవట. మనుషులు తాళ్ళు భుజాన వేసుకుని గట్టు వెంబడి వాటిని లాగేవాళ్ళట. పడవలు ఆగిపోయాక గోదాములో జొన్నలు పోశారు, తర్వాత సిమెంటు, ఆ తర్వాత మా కుర్చీలు. ముందున్న రేవు అరుగు మీద బెంచీలు వేసి పార్కు చేశారు. పడవలు కట్టే రాయికి పసుపు రంగు పూశారు. తాళ్ళు ఒరుసుకుని పడిన గాడులు రంగు కింద ఇంకా కనబడతాయి.

పక్కింటి మాబున్నవ్వ ముత్తాత ఆ పడవలు లాగినవాడు. తాడు కట్టే ముందు గట్టిగా అడిగి, ఎవరైనా పలుకుతారేమోనని కాసేపు ఆగడం వాళ్ళ పద్ధతి.

"ఆ రాయికి ఉత్తగా తాడు కట్టొద్దు నాయనా. 'రేవు ఖాళీగా ఉండాదా' అని అడిగి కట్టాల" అనేది అవ్వ.

"కాలవలో చుక్క నీళ్ళు లేవు. ఎవుర్ని అడగాలవ్వా, తొండల్నా?" అని యోహాను నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని.

చాలా ఏళ్ళ కిందట ఒక ఎండాకాలం మా చర్చివాళ్ళ పెళ్ళి విందుకు అరుగు మీద షామియానా వేస్తున్నాం. కాలువ ఎండి నెర్రెలు విచ్చింది. ఆకు కూడా కదలడం లేదు. అంచు గుంజ తాడును యోహాను ఆ రాయికి చుట్టి, మిగిలిన కొసను కాలువలోకి వదిలేసి, నిచ్చెనెక్కి పైన జాలరు కడుతున్నాడు. నేను కుర్చీలు తుడుస్తున్నాను.

"అక్కా!" అని వాడు అరిచిన అరుపు మామూలుది కాదు.

గుంజ కాలువ వైపు ఒరుగుతోంది. దానికి ఆనించిన నిచ్చెన, నిచ్చెన మీద వాడు. కింద ఉత్త బండలు. వేలాడాల్సిన తాడు కొస, ఖాళీ కాలువ మీద గాలిలో, మేక లాగుతున్న పలుపులా బిర్రుగా సాగి ఉంది. అవతల ఎవరూ లేరు. తాడు రాయి మీద కిర్రుమంటూ జారుతోంది.

పరుగెత్తి పట్టుకున్నాను. నా చేతులు తడిసిపోయాయి. తాడంతా నాని, పాచి వాసన కొడుతోంది. ఎంత లాగినా రాలేదు. వాడు పోతాడనుకున్నాను. ఆ భయానికి యేసు ప్రభువు పేరు కూడా నోటికి రాలేదు, మాబున్నవ్వ మాటే వచ్చింది.

"తప్పయిందప్పా! అడక్కుండా కట్టినాం! రేవు ఇడిసిపెడతాండాం, మా వాణ్ణి దిగనీయండి!"

తాడు వదులైంది. కొస మెల్లగా కిందికి వాలింది. యోహాను దిగి అరుగు మీద కూలబడ్డాడు. వాణ్ణి వాటేసుకుని ఏడ్చాను. విందు గోదాము వెనక జరిపాం.

గుంజ సరిగా పాతలేదేమో అన్నారు కొందరు. కావచ్చు. మరి ఆ తడి ఎక్కడిది? నాకు తెలియదు. మాబున్నవ్వ కూడా పోయింది, అడుగుదామంటే మనిషి లేదు.

ఈ ఏడు వాడి కూతురి నిశ్చితార్థం ఆ అరుగు మీదే పెట్టుకున్నాం. కాలువ ఎండిపోయే ఉంది. పొద్దున్నే వాడు తాడు భుజాన వేసుకుని రాయి దగ్గరికి పోయి, సంఘంలో ప్రార్థన చేసే గొంతుతో అడిగాడు.

"రేవు ఖాళీగా ఉండాదా?"

అడిగి, తలవంచుకుని నిలబడ్డాడు. ఇంత వయసొచ్చి ఇదేం చాదస్తంరా అని ఎగతాళి చేయబోయాను. అంతలో వాడు ఉలిక్కిపడి, మొహం పాలిపోయి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఆ పక్క కడదాం రా అక్కా" అన్నాడు.

నాకైతే ఏమీ వినపడలేదు.