ఆ రోజు అందరం తలకు పోసుకున్నాం

దక్షిణాఫ్రికా నుంచి ఒక అక్క ఈ పొద్దున ఫోనుకు ఫొటో పంపింది. నాలుగు మూలలా పసుపు పూసిన పాత పెళ్లి ఉత్తరం. తిరుత్తణి అన్న మా ఊరి పేరు తప్ప మిగతా అక్షరాలు మాసిపోయాయి. తెల్లదొరల కాలంలో ఓడెక్కి చెరకు తోటల కూలికి వెళ్లిన మా తాత అన్నే తన తాతని ఆమె ఆశ. "మేము మీవాళ్లమేనా? అమ్మ మంచంలో ఉంది, ఒక్క రుజువు చూడు చెల్లీ" అని నెలలుగా అడుగుతోంది. ఇల్లంతా తిరగేశాను. ఏమీ దొరకలేదు.

ఆ పసుపు చూడగానే, పసుపు లేని ఇంకో ఉత్తరం గుర్తొచ్చి నా చెంప మండింది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆఫ్రికా స్టాంపు ఉన్న ఉత్తరాన్ని పెద్దనాయన మగ్గం పక్కన నిలబడి చదివి, చింపి వీధిలో పారేశాడు. స్టాంపు మీద ఆశతో ముక్కలు ఏరుకొచ్చి, నూలుకు పెట్టే గంజితో అతికించబోయాను. లాగి కొట్టాడు.

"చావు జాబు ఇంట్లో పెట్టుకుంటారా ఏమే? పో, తలకు పోసుకో!"

"నేనేం చేసినాను పెద్దనాయనా?"

ముక్కలన్నీ లాక్కుని కాలవలో వేశాడు. ఆ చన్నీళ్లు నాకు శిక్ష అనుకున్నాను. ఆ దెబ్బను ఈనాటికీ క్షమించలేదు. ఆ ముక్కలు పోగొట్టినందుకు అసలు క్షమించను.

కానీ ఆ రోజు ఇంట్లో అందరూ తలకు పోసుకున్నారు, అందరికంటే ముందు పెద్దనాయన. పరాయివాళ్ల చావుకు మా ఇళ్లలో ఎవరూ అలా పోసుకోరు.

అక్కకు అదే రాశాను. పంపడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.