డిజైన్లన్నీ ఉన్నాయి, లాక్ లేదు

2022లో, శ్రావణానికి రెండు నెలల ముందు జరిగింది ఇది. దినపత్రిక ఆఫీసులో పేజీలు పెట్టే పని మానేసి, ధర్మవరంలో కంప్యూటర్ల అంగడి పెట్టుకుని అప్పటికి పదకొండేళ్లు. అమ్మకం, రిపేరు రెండూ నావే. ఒకరోజు పొద్దున రమాదేవి వచ్చింది. పట్టుచీరలకు డిజైన్లు గీయడం ఆమె పని. గళ్ల కాగితం మీద గీయడం వాళ్ల నాయన దగ్గర నేర్చుకుని, తర్వాత కంప్యూటర్‌కు మారింది. ఆమె గీసిన ప్రకారం అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీద తిరిగితేనే చీరలో హంసో మామిడిపిందో పడుతుంది.

"అన్నా, ఇంట్లో డెస్క్‌టాప్‌తో ఏగలేక పోతాండా. కరెంటు పోయినప్పుడల్లా గీసిందంతా పోతాది. మంచి ల్యాప్‌టాప్ ఒకటి చూపీ."

నాలుగు తీసి బల్ల మీద పెట్టాను. ర్యామ్ ఎక్కువుంటే పెద్ద డిజైన్ తెరిచినా మిషన్ తడబడదని, ఎస్ఎస్‌డి ఉంటే ఫైళ్లు తొందరగా తెరుచుకుంటాయని చెబుతున్నాను. ఆమె వినడం లేదు. సంచిలోంచి పట్టుదారం చిన్న కట్ట తీసింది. ముదురు ఎరుపు, చీరలవాళ్లు అరక్కు అనే రంగు. ప్రతి తెర మీదా అదే రంగు పెట్టించి, దారం పక్కన పట్టి, తల అటూ ఇటూ వంచి చూసింది. మొదటి రెండింటినీ పక్కకు తోసింది.

"ఈ పక్క నుంచి చూస్తే అరక్కు, ఆ పక్క నుంచి చూస్తే ఇటుకరాయి. దీన్ని నమ్మి రంగులేస్తే నన్ను కొడతారన్నా."

ఆమె పట్టుకున్న తేడా ప్యానెల్‌ది. ఐపీఎస్ ప్యానెల్ అయితే ఏ కోణంలో చూసినా రంగు పెద్దగా మారదు. మూడోది అలాంటిదే. పదిహేనున్నర అంగుళాల తెర, విడిగా ఒక మౌస్. అదే తీసుకుంది.

పాత సీపీయూను ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయమని సలహా చెప్పింది నేనే. మర్నాడు అది ఆటోలో అంగడికి వచ్చింది. ఫైళ్లన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించాను. ఆమె ఇచ్చిన సీడీతో డిజైన్ సాఫ్ట్‌వేర్ కూడా వేశాను. ఒక్క డిజైనైనా తెరిచి చూడకుండానే ల్యాప్‌టాప్ పంపేశాను. పాత సీపీయూ అదే సాయంత్రం బత్తలపల్లిలో పాత సామాన్లు కొనే ఖాదర్ భాయ్ దగ్గరికి వెళ్లిపోయింది.

మరుసటి రోజు పొద్దున్నే రమాదేవి ఫోన్.

"అన్నా, ఏందో లాక్ పెట్టమంటాంది. ఒక్క డిజైనూ తెరుచుకోలా."

ఇలాంటి సాఫ్ట్‌వేర్లకు లాక్ అని వేలెడంత ముక్క ఒకటి ఇస్తారు. డాంగిల్ అని కూడా అంటారు. అది మిషన్‌కు గుచ్చి ఉంటేనే ప్రోగ్రామ్ నడుస్తుంది. ఎన్నో ఏళ్ల కింద ఎవరో సీపీయూ వెనక గుచ్చి వెళ్లారు. రమాదేవి దాని సంగతే మర్చిపోయింది. కొత్తది తెప్పిద్దామంటే ఆ సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. పద్దెనిమిదేళ్ల డిజైన్లు ఎదురుగానే ఉన్నాయి, ఒక్కటీ పనికిరాదు. పైగా నాగరాజు అనే నేతగాడి మగ్గం మీద పెళ్లిచీర ఒకటి కొంగు దగ్గర ఆగి ఉంది. ఆ కొంగు డిజైనూ వాటిలోనే ఉంది. పెళ్లి తొమ్మిది రోజుల్లో.

బండి తీసుకుని బత్తలపల్లి పోయాను. ఖాదర్ భాయ్ నన్ను చూసి నవ్వాడు.

"ఏమప్పా, ఇచ్చి ఒక దినం కాలే, అప్పుడే బెంగ పట్టుకుండాదా?"

సీపీయూ తిప్పి చూశాం. వెనకంతా దుమ్ము. ఒక్క యూఎస్‌బీ రంధ్రం చుట్టూ మాత్రం శుభ్రంగా ఉంది.

"ఈ మధ్యనే ఎవరో పీకినారప్పా."

"నువ్వు కాదు గదా భాయ్?"

"నాకేం పని దాంతో? పీకితే ఫ్యాను పీకుతా."

అక్కణ్నించి నేరుగా రమాదేవి ఇంటికి వెళ్లాను. సీపీయూను ఆటో ఎక్కించింది ఆమె అత్త ఈశ్వరమ్మ. ఆ వెంటనే రైలెక్కి హిందూపురంలో కూతురింటికి పోయింది. రమాదేవి స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది.

"అత్తా, కంప్యూటర్ వెనకాల చిన్న ముక్క ఉండె గదా, చూసినావా?"

"చూసేదేంది, నేనే తీసినా. మీ మామ మగ్గం అమ్మినప్పుడు నాడె తీసి పెట్టుకోలేదా? అన్నం పెట్టిన సామాను ఇల్లు దాటేటప్పుడు ఒక ముక్కన్నా ఇంట్లో ఉండల్ల. దేవుని గూట్లో పసుపుగుడ్డలో చుట్టి పెట్టినా."

"చెప్పొద్దా అత్తా!"

"అడిగితే గదా చెప్పేది. అంత పెట్టెలో నా చేతికి ఊడొచ్చింది అదొక్కటే."

రమాదేవి లోపలికి పరుగెత్తింది. గుడ్డ విప్పితే, మగ్గంలో దారాన్ని అటూ ఇటూ మోసే నాడె ఒకటి, బాగా అరిగిపోయింది, దాని పక్కన లాక్. దాని మూతికి కుంకుమ బొట్టు కూడా ఉంది. జాగ్రత్తగా తుడిచి ల్యాప్‌టాప్‌కు గుచ్చాను. డిజైన్ తెరుచుకుంది. రమాదేవి కొంగును మొదటి గడి నుంచి చివరి గడి దాకా మెల్లగా జరిపి చూసుకుని, అప్పుడు గట్టిగా ఊపిరి వదిలింది.

ఫోన్ ఇంకా పెట్టలేదు. "ఏమబ్బా, దొరికిందా? పనైనాక మళ్లా ఆడే పెట్టు," అంటోంది ఈశ్వరమ్మ.

"దీనికింకా చానా పనుండాది పెద్దమ్మా," అన్నాను.

మధ్యాహ్నానికల్లా డిజైన్ అట్టలు కొట్టే చోటికి చేరింది. పెళ్లికి మూడు రోజుల ముందే చీర మగ్గం దిగింది.

ఆ తర్వాత ఎవరు ల్యాప్‌టాప్ అడిగినా ముందు వాళ్ల ఇంటికి వెళ్లి పాతదాని వెనక వైపు ఫోటో తీసుకుంటున్నాను. కొత్తదాంట్లో వాళ్ల పని వాళ్ల చేతే చేయించి చూస్తున్నాను. పాతది పదిహేను రోజులు నా దగ్గరే ఉంచుకుంటున్నాను. కొన్నవాళ్లతో మాట్లాడటం అయ్యాక, ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల పక్కన కూర్చుని, దీన్నుంచి ఏమన్నా తీసి దాచుకున్నారా అని అడిగి మరీ వస్తున్నాను.