సూర్యాస్తమయానికి ఆగిన పెన్సిల్

1992 జనవరి. ఒమాన్‌లోని రుస్తాఖ్‌లో ఆ శుక్రవారం సూర్యాస్తమయం ఐదూ నలభై రెండుకి. పేపర్లో చూసి స్కోరుబుక్కు మూలన రాసిపెట్టాను. ఇరవై అయిదు ఓవర్ల క్రికెట్ ఫైనల్ ఒకటిన్నరకి మొదలు కావాలి. కంపెనీ బస్సు రాక యాభై నిమిషాలు ఆలస్యమైంది.

స్కోరు రాసేది మా పక్కింటామె. అమెరికన్. భర్త నీళ్ల ప్రాజెక్టులో ఇంజనీరు. తన దేశంలో ఒక వృత్తి బేస్‌బాల్ జట్టుకి తొమ్మిదేళ్లు స్కోరరుగా పనిచేసింది; క్రికెట్ లెక్క ఇక్కడికొచ్చాక పట్టేసింది. ఆమె యూదురాలని ఆ ఊళ్లో నాకొక్కదానికే చెప్పింది. శుక్రవారం పొద్దుగూకిన దగ్గర్నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా వాళ్ల మతంలో విశ్రాంతి, ఏమీ రాయదు. ఆ జట్టు పాత యజమాని శుక్రవారాలు వేరే మనిషిని కూర్చోబెట్టేవాడు. కొత్తాయన వచ్చి, అన్ని రోజులూ రాస్తే రాయి, లేకపోతే మానెయ్యమన్నాడు. మానేసింది. ఈ సంగతి మా వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, ఇంకెవరికో జరిగినట్టు చెప్పింది.

రెండో జట్టు ఇరవై రెండు ఓవర్లు ఆడేసరికి ఎండ ఖర్జూర చెట్ల మొదళ్లు దాటింది. ఆమె వాచీ చూసుకుని పెన్సిల్ నా ముందు పెట్టింది. నేను లెక్కల టీచర్ని. స్కోరు రాయడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

బౌండరీ దగ్గరున్న, బ్యాటింగ్ చేస్తున్న జట్టు కెప్టెన్ చూశాడు. కడపాయన, సైట్‌లో ఫోర్‌మన్. ఆటల వేళలూ, స్కోరర్నీ కుదిర్చేది ఆయనే.

"మేడమ్ ఆపేసిందేంది టీచరమ్మా? ఇంకా మూడోవర్లుండాయే."

"మిగతాది నేను రాస్తాను."

"వచ్చే సీజన్ నుంచీ మీరే రాయండి. మద్దెలో ఇడిసిపెట్టేవాళ్లు మాకొద్దు."

ఆయన ఏమన్నాడని ఆమె అడిగింది. ఒక్క మాటా తగ్గించకుండా చెప్పాను. ఆమె స్కోరుబుక్కు వైపు చూసింది. తర్వాత మెల్లగా, "నాలుగో బంతి ప్యాడ్‌కి తగిలి ఒక పరుగు వచ్చింది. నువ్వు వెయ్యలేదు" అంది. చేతులు ఒళ్లోనే ఉన్నాయి. అంపైర్‌ని అడిగి వేశాను. ఆ పరుగుతో ఫలితమేమీ మారలేదు. కెప్టెన్ జట్టు పదకొండు పరుగుల తేడాతో ఓడింది. అయినా తప్పు తప్పే, అదీ నాది.

నవంబరులో కొత్త సీజన్‌కి స్కోరు రాయమని ఆయన నన్ను పిలిచాడు. ఆటలన్నీ పొద్దున ఎనిమిదికే మొదలుపెట్టాలనీ, బల్ల దగ్గర ఇద్దరం కూర్చుంటామనీ చెప్పాను. నాకు సాయంత్రాలు వంటపని ఉంటుందనుకుని సరేనన్నాడు. అనుకోనిచ్చాను. కారణం చెప్పాల్సింది ఆమె. ఆ ఊరు అది చెప్పే చోటు కాదు.

మొదటి శుక్రవారం పెన్సిల్ ఆమె చేతిలో కనబడగానే కెప్టెన్ బల్ల దగ్గర ఆగాడు. నావైపు చూశాడు.

"ఎవరు రాస్తే ఏంది, ఆట అయ్యేదాకా రాస్తే చాలు" అని టాస్‌కి వెళ్లిపోయాడు.

ఆ సీజన్ స్కోరుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది. పద్నాలుగు మ్యాచ్‌లు. ఒక్కటీ నా చేతిరాతలో లేదు.