వాగుడు మీట

మా ఆఫీసులో ఆమెను అందరూ మీటమ్మ అనే పిలుస్తారు. ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్‌కు తగిలించుకునే చిన్న ప్లగిన్ ఒకటి ఆమె తయారుచేసింది. అందులో మీట నొక్కితే ప్రోగ్రాము తాను చేసే ప్రతి పనినీ లాగ్ ఫైల్లో పూసగుచ్చినట్టు రాసుకుంటూ పోతుంది. ప్రోగ్రాములోని తప్పు దొరికాక మళ్లీ నొక్కితే నోరు మూసుకుంటుంది. సొంత అవసరానికి చేసుకున్నది కాస్తా ఆఫీసంతా పాకింది. వాగుడు మీట అని పేరు పెట్టుకుని అందరూ వాడుకున్నారు, దాని మంచిచెడ్డలు మాత్రం ఆమె నెత్తిన పెట్టారు.

ఆమె భర్త, ఆరేళ్ల కూతురు వేరే ఊళ్లో ఉంటారు. ఆ ఊరి బ్రాంచిలో ఈమధ్య ఒక కుర్చీ ఖాళీ అయింది. మీటమ్మ అది తనకిమ్మని అడిగింది.

"పంపిస్తానమ్మా, నాకేం అభ్యంతరం? మీట చూసుకోడానికి ఒక మనిషిని తయారుచేసి వెళ్లు," అన్నాడు మేనేజరు.

వేరే సెక్షన్ నుంచి ఒక పెద్దాయనను తెచ్చి ఆమె పక్కన కూర్చోబెట్టారు. మంచివాడే. తలాడించడంలో ఆయనను మించినవాడు లేడు. మీటమ్మ ఓపిగ్గా నేర్పింది. నేర్పిందంటే ఏముంది, ఆయన వేలు కీబోర్డు మీద పడేలోపే తానే చేసేసేది. పక్క సీట్లోంచి చూస్తుంటే నాకు ఒళ్లు మండేది.

"ఆయన్ని చెయ్యనివ్వవే!" అన్నాను ఒకసారి.

"ఆలస్యమైతే అందరి పనీ ఆగిపోతుంది కదక్కా," అంది.

ఒక మధ్యాహ్నం పెద్దాయన మీట నొక్కి, ఆపడం మరిచిపోయి భోజనానికి వెళ్లాడు. లాగ్ ఫైలు ఉబ్బి ఉబ్బి సర్వర్లో చోటంతా మింగేసింది. అందరి పనీ ఒక్కసారిగా ఆగిపోయింది. నేను మీటమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"కదిలావంటే చూడు. ఆయన్నే వచ్చి బాగుచెయ్యనీ."

కాసేపు కూర్చుంది. అంతే, చెయ్యి విడిపించుకుని మీట ఆపింది, ఫైలు ఖాళీ చేసింది. పెద్దాయన మూతి తుడుచుకుంటూ వచ్చేసరికి అంతా మామూలైపోయింది. మేనేజరు అక్కడే నిలబడి చూశాడు.

మర్నాడు ఆర్డరు వచ్చింది. ఆ ఊరి కుర్చీ పెద్దాయనకు ఇచ్చారు.

"ఆయన లేకపోయినా ఇక్కడ పని ఆగదమ్మా. నువ్వు లేకపోతే ఎలా చెప్పు?" అన్నాడు మేనేజరు, మెచ్చుకుంటున్నాననే అనుకుని.

దున్నే ఎద్దునే పొడుస్తారని ఊరికే అన్నారా? నాకు మేనేజరు మీదకన్నా ఆమె మీదే ఎక్కువ కోపం వచ్చింది. తరవాత ఏడుపొచ్చింది.

వెళ్లేరోజు పెద్దాయన తల దించుకుని ఆమె ముందు నిలబడ్డాడు. "ఒట్టు తల్లీ, నేను అడగలేదు. మీవాళ్లకి ఏమైనా పంపాలంటే ఇవ్వు, పట్టుకెళ్తా."

మీటమ్మ సంచిలోంచి చిన్న బూట్ల జత తీసి ఆయన చేతిలో పెట్టింది.

"పాప కాలికి వేసి చూడమనండి అన్నయ్యా. బిగుతైతే మీరే అక్కడ మార్పించండి. దాని పాదం ఇప్పుడు ఎంతుందో నాకు తెలీదు."