నాలుగు తాళ్లు

భూమేశ్ షార్జా నుంచి తిరిగివచ్చింది తొంభై నాలుగులో. తొమ్మిదేళ్లు ఎండలో వంగి ఇనుప సలాకలు కట్టిన నడుం ఒకనాడు వంగినచోటే పట్టేసుకుంది. ఇద్దరు పట్టుకుని లేపితే గానీ లేవలేకపోయాడు. ఆ నెలాఖరుకే కంపెనీ అతన్ని విమానం ఎక్కించి పంపేసింది. బాన్సువాడ బస్టాండులో దిగినప్పుడు అతని భుజాన ఒక సంచీ, జేబులో సలాకలకు తీగ ముడివేసే కొక్కెం ఉన్నాయి. ఆ కొక్కెం పిడి అరిగి అరిగి అతని అరచేతికి తప్ప ఇంకెవరి చేతికీ సరిపోనట్టు తయారైంది.

పొలం పనికి నడుం సహకరించలేదు. ఊళ్లో కట్టే ఇళ్ల పనికి వెళ్తే, ఆరు సలాకలు పడాల్సిన చోట నాలుగు చాలనే మేస్త్రీలతో రోజూ తగాదా అయ్యేది. ఆఖరికి తనకు వచ్చినదేదో పిల్లలకు నేర్పుదామని బోధన్ రోడ్డులో లియాఖత్ వెల్డింగ్ దుకాణం వెనక ఉన్న ఖాళీ జాగా అడిగాడు.

"కిరాయి ఎంతియ్యాలె?" అంటే లియాఖత్ నవ్వాడు.

"అరే, కిరాయి ఏంది భాయ్. నీ పోరగాళ్లు సలాకలు ఖరాబ్ చేస్తరు, నేను అతుకులేస్త. ఇద్దరి దుకాణం నడుస్తది."

అప్పటికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి కుర్రవాళ్లు గల్ఫుకు వరస కట్టి పోతున్నారు. పోవాలంటే హైదరాబాదులో టెస్ట్ పాసవ్వాలి. కంపెనీ పంపిన మనిషి ఒక ఆవరణలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఎదురుగా సలాకలు, తీగ చుట్ట పడేసి ఉంటాయి. వచ్చినవాడితో పని చేయించి చూస్తాడు. చేతనైతే వీసా, కాకపోతే ఇంటికి బస్సు.

భూమేశ్ పెట్టిన చదువు ఆరు నెలలు. ఇంటి నక్షా చూసి లెక్క తీయడం, సలాక కోయడం, వంచడం, సలాకలను చుట్టి పట్టే రింగులు చేయడం, సలాకలను గళ్లుగా కట్టే పునాది జాలీ, దూలం, స్లాబు. ఆరో నెలలో కాలమ్, అంటే కాంక్రీటు పోసే ముందు స్తంభానికి కట్టే సలాకల బోను. రెండు నిలువుల ఎత్తు కాలమ్ బోనును అతను ఆ జాగా మధ్యలో నిలబెట్టించేవాడు. నిలబెట్టగానే పైకొసకు నాలుగు తాళ్లు వేసి నాలుగు దిక్కులా మేకులకు లాగి కట్టాలి. ఆ తర్వాతే ఎవరైనా దాని మీద కాలు పెట్టాలి. తాళ్లు కట్టకముందే ఒకడు ఉత్సాహంగా రెండు రింగులు ఎక్కితే, భూమేశ్ వాడి పిక్క మీద సలాక ముక్కతో ఒక్కటిచ్చాడు.

"కాలమ్ నిలవడ్డట్టు కనవడ్తది. నిలవడదు. కాంక్రీటు పడేదాక అది నిలవడ్డట్టు కాదు. ఎక్కకముందు కట్టాలె. సమజయిందా?"

మొదటి జట్టులో పదకొండు మంది చేరారు. కాలమ్ దాకా ఉన్నది ఇద్దరు.

"ఆరు నెలలాయె అన్నా!" అని ఒకడు మొహం మీదే అన్నాడు. "ఆరు నెలల్ల మా ఊరోడు దుబాయ్ పోయి ఇంటికి టీవీ సుత పంపిండు. నువ్వు నన్ను ఇంజనీర్‌ను చేస్తున్నవా ఏంది?"

పదిహేను రోజులకే మానేసిన వాళ్లలో సమ్మన్న అనే బిచ్కుంద కుర్రవాడు టెస్ట్ పాసయ్యాడు. వాడే వచ్చి చెప్పాడు, మీటరు జాలీ ఒకటి కట్టించారని, పది రింగులు వంచమన్నారని, అంతకు మించి ఏమీ అడగలేదని. భూమేశ్ నమ్మలేదు. స్వయంగా హైదరాబాదు వెళ్లి ఆ ఆవరణ ప్రహరీ బయట రెండు రోజులు నిలబడి చూశాడు. వచ్చిన ప్రతివాడికీ అదే జాలీ, అవే పది రింగులు. ఎవరినీ పైకి చూడమన్నది లేదు.

అతను ఒక్కరోజులో మారలేదు. జాగా మూడు నెలలు ఖాళీగా ఉన్నాక మొదట కాలమ్ తీసేశాడు. అన్నిటికన్నా ఎక్కువ రోజులు తినేది అదే. తర్వాత నక్షా పోయింది. తర్వాత దూలం, స్లాబు. మిగిలినవి ఒక జాలీ, పది రింగులు, పదిహేను రోజులు. కాలమ్‌కు కట్టే నాలుగు తాళ్లనూ లియాఖత్ అడిగి తీసుకుని దుకాణం ముందు టార్పాలిన్‌కు కట్టుకున్నాడు.

అప్పటి నుంచి భూమేశ్ పేరు మోగిపోయింది. "భూమేశ్ దగ్గర పదిహేను దినాలు కూసుంటే వీసా ఒచ్చినట్టే" అని నస్రుల్లాబాద్ నుంచి, బిచ్కుంద నుంచి తండ్రులు కొడుకులను బండి మీద ఎక్కించుకుని తెచ్చేవాళ్లు. పోయినవాళ్లు అక్కడి నుంచి క్యాసెట్లలో మాటలు నింపి పంపేవాళ్లు. ఆ మాటల్లో ఎక్కడో ఒకచోట భూమేశన్నకు దండాలు ఉండేవి. బజారులో నడుస్తుంటే నమస్తేలు ఎక్కువయ్యాయి. అతనికది బాగానే ఉండేది. బాగుండలేదంటే అబద్ధమే.

రెండువేల ఒకటిలో అక్క పోసవ్వ తన పెద్దకొడుకు పండరిని తీసుకుని నస్రుల్లాబాద్ నుంచి వచ్చింది.

"తమ్మీ, ఊరోళ్ల పిల్లలందరిని పంపినవు. నీ అల్లుడు కండ్లవడలేదా?"

పండరి నిదానస్తుడు. మిగతావాళ్లు తలా పది రింగులు వంచేలోపు అతను ఆరు వంచేవాడు, కానీ ఆ ఆరూ ఒకదాని మీద ఒకటి పెడితే ఒకటే రింగులా కనబడేవి. అలాంటి చెయ్యి అప్పటికి అయిదేళ్లుగా భూమేశ్ కంటపడలేదు. పదమూడో రోజున పండరి పని ఆపి అడిగాడు.

"మామా, కాలమ్‌లు ఎట్ల నిలవెడ్తరు? అంత ఎత్తుల ఎట్ల కడ్తరు?"

భూమేశ్ టార్పాలిన్ వైపు చూశాడు. తాళ్లు విప్పాలి, బోను కట్టాలి, నిలబెట్టాలి. కనీసం నాలుగు రోజుల పని. టెస్ట్ రెండు రోజుల్లో ఉంది.

"గది టెస్ట్‌ల అడుగరు అల్లుడా. అక్కడ ఫోర్‌మన్ సూపిస్తడు తియ్."

పండరి తల ఊపి ఏడో రింగు అందుకున్నాడు.

*

పండరి పదహారు నెలలకు తిరిగివచ్చాడు. భూమేశ్ నస్రుల్లాబాద్ వెళ్లేసరికి వసారాలో గోడకు చంకకర్రలు రెండు ఆనించి ఉన్నాయి. పండరి మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడికాలు మోకాలి పైవరకే ఉంది. ప్యాంటు మిగిలిన భాగాన్ని మడిచి పిన్నీసు పెట్టారు. ఆ మడత కూడా వాడే పెట్టుకున్నట్టుంది, కొలిచినట్టు నిటారుగా ఉంది.

"ఎట్లయిందిరా?"

"నాలుగో అంతస్తుల మామా. మీది రింగులు కట్టుమన్నడు ఫోర్‌మన్. ఎక్కిన. సగం ఎక్కినంక కాలమ్ వంగుడు షురువైంది. మెల్లగనే వంగింది. దుంకేటందుకు టైం సుత ఉండె. ఎటు దుంకాలెనో తెల్వలే."

భూమేశ్ అడగకుండా వెళ్లిపోదామనే అనుకున్నాడు, కానీ నోరాగలేదు.

"తాళ్లు కట్టలేదారా?"

పండరి అతని మొహంలోకి చూశాడు. ఆ చూపులో నింద లేదు. అర్థం కాని మాట విన్నవాడి చూపు అది.

"ఏ తాళ్లు మామా?"

పోసవ్వ చాయ్ తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. "నువ్వు నేర్పవట్టి గంత దూరం పోయిండు. వాని నసీబ్‌ల లేదు, నువ్వేం జేస్తవు తమ్మీ" అంది. భూమేశ్ గ్లాసు కింద పెట్టడానికి చోటు వెతికాడు. ఎదురుగానే స్టూలు ఉన్నా కనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే లియాఖత్ దుకాణం ముందు టార్పాలిన్ విప్పుతుంటే లియాఖత్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏమాయె భాయ్? ఎండకు చస్త నేను!"

"తాళ్లు నావి."

"నీవే. ఏడేండ్ల సంది నాకాడున్నయి. గిప్పుడేమొచ్చింది?"

భూమేశ్ ముడులు విప్పుతూనే ఉన్నాడు. ఒక తాడు ఎండకు చివికి చేతిలోనే తెగింది. దాని బదులు లియాఖతే లోపలి నుంచి కొత్తది తెచ్చి ఇచ్చాడు.

ఆ వారంలో జాగా మధ్యలో మళ్లీ కాలమ్ లేచింది. చదువు రెండు నెలలన్నాడు, పోనీ నెల అన్నాడు, కాలమ్ మాత్రం తప్పదన్నాడు. కుర్రవాళ్లు వచ్చి ఆ బోనును చూసి, ఎన్ని రోజులని అడిగి, మళ్లీ వస్తామని వెళ్లిపోయేవాళ్లు. ఎటు పోతున్నారో తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. గల్ఫు నుంచి తిరిగివచ్చిన సమ్మన్న బిచ్కుందలో పది రోజుల్లోనే పాస్ చేయిస్తున్నాడు.

భూమేశ్ బస్సెక్కి బిచ్కుంద వెళ్లాడు. సమ్మన్న లేచి కుర్చీ తుడిచి వేశాడు, చాయ్ చెప్పాడు. అంతా విన్నాడు.

"నిజమే అన్నా. నాకు సుత అక్కడనే తెలిసింది తాళ్ల ముచ్చట. మా పక్క సైటుల ఒకడు పడ్డంక."

"మరి నేర్పవేందిరా?"

"నేర్పిన. ఒక జట్టుకు నేర్పిన. ఇంకో నాలుగు దినాలు అనంగనే సగం మంది లేచిపోయిన్రు." సమ్మన్న నవ్వబోయి ఆపుకున్నాడు. "పదిహేను దినాల్ల అయితదని గీ ఇలాకాల అందరికీ చెప్పింది నువ్వే గదన్నా. ఇగ ఇప్పుడు నెల అంటే ఎవడింటడు?"

తిరుగు బస్సులో భూమేశ్ నిలబడే వచ్చాడు. సీటు ఖాళీ అయినా కూర్చోలేదు.

*

తర్వాత మూడేళ్లలో ఆ కాలమ్ దగ్గర పూర్తిగా నేర్చుకున్నది ఇద్దరే. వాళ్లిద్దరూ టెస్ట్‌కు పోకుండా కామారెడ్డిలో పనికి కుదిరారు. సలాకలకు తుప్పు పట్టింది.

రెండువేల ఆరు ఎండాకాలంలో పోసవ్వ మళ్లీ వచ్చింది. చిన్నకొడుకు బిట్టుకు వీసా వచ్చిందట. ఎల్లుండి పొద్దున్నే బస్సట. భూమేశ్‌కు ముందు అర్థం కాలేదు.

"ఏం పనికి?"

ఆమె తల వంచుకుంది. "సలాకల పనికే. సమ్మన్న దగ్గర నేర్చుకున్నడు. నీకు చెప్తే నెల కూసోవెడ్తవని దాసిండు తమ్మీ. వీసా ఆగదట గద."

"పండరిని జూసుకుంట ఎట్ల పంపుతున్నవక్కా?"

"పండరిని జూసే పంపుతున్న" అంది పోసవ్వ. "ఇంట్ల ఒక్కడన్న నడవాలె గదా."

మర్నాడు కబురు పంపితే బిట్టు స్నేహితుడి మోటార్‌సైకిల్ వెనక కూర్చుని వచ్చాడు. ఇరవై ఏళ్లవాడు, కొత్త బూట్లు, చేతిలో సెల్‌ఫోను. భూమేశ్ కాలమ్ దగ్గర నిలబెట్టి తాడు చేతికిచ్చాడు. ఒక మేకుకు కట్టేలోపు ఫోను రెండుసార్లు మోగింది. "మామా, ఫోటోలు దిగుడుంది, సంచులు కొనుడుంది, రేపు బస్టాండుకు రా" అని వాడు బండెక్కాడు. స్నేహితుడు కాలమ్ వైపు చూసి, "ఏం మామా, గీడ బిల్డింగ్ లేపుతున్నవా?" అని ఎకసెక్కమాడాడు.

ఆ మధ్యాహ్నం భూమేశ్ కట్టు తీగతో జానెడు ఎత్తు కాలమ్ అల్లాడు. నాలుగు నిలువు తీగలు, చుట్టూ చిన్న చిన్న రింగులు. పైకొసకు నాలుగు దారాలు కట్టాడు.

పొద్దున బస్టాండులో హైదరాబాదు బస్సు నిండిపోయి ఉంది. బిట్టు కిటికీ పక్క సీటు పట్టాడు. పోసవ్వ కింద నుంచి నీళ్ల సీసా అందించింది. పండరి చంకకర్రల మీద వాలి తమ్ముణ్ని చూస్తున్నాడు. భూమేశ్ జనాన్ని తోసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి ఆ తీగ బొమ్మను అరచేతిలో పెట్టి పైకెత్తాడు.

"ఇటు జూడు అల్లుడా. గీ దారాలు తాళ్లనుకో. నాలుగు దిక్కుల..."

వెనక సీటులో ఎవరో ముసలామె, "పిల్లల బొమ్మనా?" అని మెడ చాచింది. బిట్టు సిగ్గుపడ్డాడు.

"అక్కడ ఫోర్‌మన్ సూపిస్తడు తియ్ మామా."

భూమేశ్ చెయ్యి ఒక క్షణం కిందికి జారింది. మళ్లీ ఎత్తాడు. కండక్టరు విజిల్ వేశాడు.

"ఎన్ని తాళ్లురా? చెప్పు."

"నాలుగు. చెప్పినవు గదా."

"ఎప్పుడు కట్టాలె?"

బస్సు కదిలింది. భూమేశ్ కిటికీతో పాటు నడిచాడు, నడుం పట్టుకుని నాలుగడుగులు పరుగెత్తాడు. "ఎప్పుడురా?" బిట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టి వినపడలేదన్నట్టు సైగ చేశాడు. తర్వాత అదే చెయ్యి ఊపుతూ ఉండగా బస్సు గేటు దాటి కామారెడ్డి రోడ్డుకు తిరిగింది.

భూమేశ్ అక్కడే నిలబడ్డాడు. వెనక నుంచి చంకకర్రల చప్పుడు నిదానంగా దగ్గరికి వచ్చి ఆగింది.

"ఎక్కకముందు మామా" అన్నాడు పండరి.