పొడుగు పేరు, మాయమైన గుర్రం

ఈ ఉదయం ఫోన్‌లో చదరంగం ఆడుతుంటే, నా ఓపెనింగ్‌కి, అంటే మొదటి ఎత్తులకి, తెర మీద రెండు వరుసల పొడుగు పేరు వచ్చింది. వెంటనే నా గుర్రాలు ఉన్నాయో లేదో చూసుకున్నాను.

రామచంద్రపురంలో మా తాతయ్యతో ఆడిన మన వీధి జట్టుకి ఈ అనుమానం ఎక్కడిదో తెలుసు. గుర్తుందా, మన వైపు చెక్క గుర్రాలు రెండూ పోతే వాటి బదులు వక్కలు పెట్టుకునేవాళ్లం! తాతయ్య బంటు జరిపి, విసనకర్ర ఊపుతూ మొదలెట్టేవారు.

"దీన్ని కోటిపల్లి రేవు ఎదురుగాలి నాటుపడవ ఎడమగట్టు అడ్డదాటింపు, రెండో పద్ధతి అంటారర్రా!"

మేం నోరు తెరుచుకుని ఆయన మొహమే చూసేవాళ్లం. పేరు పూర్తయ్యేసరికి బల్ల మీద ఒక వక్క ఉండేది కాదు.

"నా గుర్రం ఏది తాతయ్యా?"

ఆయన తాపీగా నములుతూ, "పేరు సరిగ్గా వినలేదేంట్రా? మళ్లీ చెప్పనా?" అనేవారు.

నేను రెండో గుర్రాన్ని గుప్పిట్లో దాచుకునేవాణ్ణి.