ఆ పడవ తర్వాత మేం నలుగురం

గోపాల్‌పూర్‌లో మా ఇల్లు హోటళ్ల వెనక, చేపలు ఎండబెట్టే ఇసుక దిబ్బ పక్కన ఉండేది. తాతల కాలం నుంచీ అక్కడే ఉన్నాం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కోపమొస్తే రెండూ. నాన్న వేటకి వెళ్లేవాడు. అమ్మ పొద్దున్నే గంపతో బస్సెక్కి బరంపురం వెళ్లి చేపలు అమ్ముకొచ్చేది. అక్కని మా మేనమామ కొడుక్కిచ్చి చేశారు. బావకి కుర్రతనంలోనే తల్లీ తండ్రీ పోవడంతో మా నాన్నే దగ్గర పెట్టుకుని పడవ నేర్పాడు. పెళ్లయ్యాక కూడా మా ఇంట్లోనే ఉండిపోయాడు. నేను బరంపురంలో కాలేజీ చదువుతుండేదాన్ని.

బావ మాటకారి. వలలో నాలుగు కవళ్ల చేపలు పడితే నాలుగొందలు పడ్డట్టు చెప్పేవాడు. అక్క నమ్మనట్టు మొహం పెట్టి, అటు తిరిగి నవ్వుకునేది. నాన్నకి కొడుకుల్లేని లోటు బావ వల్ల తీరిందని అందరూ అనేవాళ్లు. నాన్న అనేవాడు కాదు గానీ, పళ్లెంలో పెద్ద ముక్క ఎప్పుడూ బావ వైపు జరిపేవాడు.

పడవ తిరగబడింది తుపానులో కాదు. ఎండ బాగా కాస్తున్న పొద్దున. వేట నుంచి తిరిగి వస్తూ, ఇంక ఒడ్డే అనుకునే చోట, కెరటాలు విరిగే దగ్గర పడవ పక్కకి తిరిగింది. అక్కా నేనూ ఒడ్డునే ఉన్నాం. అక్క చేతిలో వాళ్ల కోసం తెచ్చిన గంజి చెంబు ఉంది. పడవ బోర్లాపడటం ఇద్దరం చూశాం. నాన్నతో వెళ్లిన ఇంకో ఇద్దరు ఈదుకుంటూ వచ్చేశారు. చాలాసేపటికి బావని ఒక చెక్క ముక్కతో సహా లాక్కొచ్చారు. నాన్న రాలేదు. ఆయన శరీరం తర్వాత ఎక్కడో దూరంగా ఒడ్డుకి కొట్టుకొచ్చింది.

ఆ ఇద్దరూ ఒక మాట చెప్పారు. మావా అల్లుడూ ఒకే చెక్క పట్టుకుని ఉండటం చూశామన్నారు. మళ్లీ చూసేసరికి అల్లుడొక్కడే ఉన్నాడన్నారు. వాళ్లు అంతవరకే చెప్పారు. మిగతాది పేట చెప్పుకుంది. "మావ సెయ్యి ఒగ్గీసినాడంట." బావ అవునని అనలేదు, కాదని అనలేదు.

నాన్న కర్మలు ముగిసిన కొన్నాళ్లకే అమ్మ మళ్లీ గంపెత్తింది. తలనొప్పి, అరగకపోవడం, ఊరికే అరవడం. గిన్నె జారినా తిట్టేది. నాకు అమ్మ మీద భయమేసింది. అయితే మా పిన్ని వచ్చి కొన్ని వారాలుండి వంటా నీళ్లూ చూసుకుంది. ఆ వారాల్లో అమ్మ మధ్యాహ్నం పూట చాప మీద ఒళ్లు తెలీకుండా నిద్రపోయేది. తలనొప్పి మాటే ఎత్తలేదు. పిన్ని వెళ్లిపోగానే మళ్లీ మొదలు.

అక్కది అలా కాదు. ఎవరూ వేటకి వెళ్లకపోయినా, పనేమీ లేకపోయినా, దాని మనసు ఏదో రాబోయే కీడు చుట్టూ తిరిగేది. నేనెక్కిన బస్సు కొంచెం ఆలస్యమైతే స్టాపులో నిలబడి ఉండేది. "బస్సు ఏటైనా గుద్దీసిందేటో అనుకున్నానే" అనేది. అమ్మకి దగ్గొస్తే క్షయ అనుకునేది. బాగానే ఉన్నామని ఎంత చెప్పినా, ఆ పూటకి నమ్మి మర్నాటికి కొత్త భయం తెచ్చుకునేది.

ఇక బావ. బావ సముద్రం వైపు చూడటం మానేశాడు. తలమీద నీళ్లు పోసుకోలేకపోయేవాడు, గుడ్డ తడిపి ఒళ్లు తుడుచుకునేవాడు. పక్కింటివాళ్లు తడి బట్టలు బండమీద బాదితే, తింటున్న కంచం వదిలేసి గోడకి ఆనుకుని కూచుండిపోయేవాడు. అలాంటప్పుడు మా వైపే చూస్తున్నా మేము కనబడేవాళ్లం కాదు. అక్క పేరు పెట్టి పిలిచినా పలికేవాడు కాదు. కబుర్లు పోయాయి. ఏడుపు కూడా రాలేదు. దెయ్యం పట్టిందని, మంత్రాలేసే గుణియాని తెచ్చి వేపాకులతో కొట్టించారు. పేటలో మగాళ్లు పిరికోడన్నారు. బావ అన్నీ విన్నాడు.

నాకేమీ కాలేదని, ఇంట్లో గట్టిదాన్ని నేనేనని అనుకుంటూ ఉన్నాను. ఒకరోజు కాలేజీకి వెళ్తుంటే, బస్సు బరంపురం పొలిమేరలోకి వచ్చాక, ఏ కారణమూ లేకుండా గుండె దడదడ కొట్టుకోవడం మొదలైంది. వేళ్లు తిమ్మిరెక్కాయి. గాలి లోపలికి పోవడం లేదు. చచ్చిపోతున్నానని ఖాయం చేసుకున్నాను. కండక్టరు బస్సాపి, ఒక ముసలాయనకి అప్పజెప్పి నన్ను ఆటోలో పెద్దాసుపత్రికి పంపాడు. అక్కడికి వెళ్లేసరికి అంతా తగ్గిపోయింది. సిగ్గేసింది. గుండె పరీక్ష చేశారు. ఏమీ లేదన్నారు. కానీ అది మళ్లీ వచ్చింది, మళ్లీ మళ్లీ వచ్చింది. అప్పుడు నన్ను మానసిక విభాగానికి పంపారు.

అక్కడి డాక్టరమ్మ ఒడియా ఆవిడ, పెద్ద వయసు, మెత్తటి గొంతు. "గుండె బాగుందని తేల్చుకున్నాక చెప్తున్నాను, ఇది చంపదు. చంపుతున్నట్టు అనిపిస్తుంది. కెరటంలా లేచి, కొన్ని నిమిషాల్లో దానంతటదే దిగుతుంది. ఈసారి వస్తే పారిపోకుండా కూచో, ఊపిరి నెమ్మదిగా వదులు" అంది.

"మా ఇంట్లో అందరికీ ఇదే జబ్బు పట్టుకుంది" అన్నాను.

"అందరికీ ఇదేనా? ఒక్కొక్కరిదీ చెప్పు" అంది.

అమ్మ గురించి చెప్పాను. పిన్ని ఉన్నన్నాళ్లూ బాగుందా అని అడిగి, "అది మోత. మనిషి మోయగలిగిందానికన్నా ఎక్కువ మోస్తోంది. దింపుకుంటే తగ్గుతుంది. దింపుకోకుండా ఏళ్లు గడిస్తే ఒంటిని తినేస్తుంది" అంది. అక్క గురించి విని, "మీ అక్క రేపట్లో బతుకుతోంది. మోత దింపినా ఆ ఆందోళన పోదు. ఆమె కూడా రావాలి" అంది. బావ గురించి చెప్తుంటే రాయడం ఆపేసింది.

"అతను భయపడుతున్నాడని అంటున్నారు కదా మీవాళ్లు. మీ అక్క జరగబోయేదానికి భయపడుతోంది. నీకు ఏమీ జరగని చోట భయం వస్తోంది. అతనికి జరిగింది ఇంకా అయిపోలేదు. బట్టల చప్పుడు విన్నప్పుడు అతనికి పడవ గుర్తు రావడం లేదమ్మా. అతను ఆ నీళ్లలోనే ఉంటున్నాడు."

నేను ఆ గదిలో వెక్కి వెక్కి ఏడ్చాను. అన్నాళ్లూ మా కళ్లముందు గోడకి ఆనుకుని బావ రోజూ మునిగిపోతూనే ఉన్నాడని అప్పుడర్థమైంది.

బావని తీసుకెళ్లడానికి చాలా రోజులు పట్టింది. పిచ్చాసుపత్రికా అన్నాడు. నాకూ అక్కడే మందిస్తున్నారని చెప్పాను. "నీకేటైందే అమ్మీ?" అన్నాడు. పడవ పోయాక మమ్మల్ని అతను అడిగిన మొదటి ప్రశ్న అదే. బస్సులో నాకు వచ్చే దడ గురించి చెప్పాను. నాకు తోడుగా వస్తానని వచ్చాడు.

డాక్టరమ్మ తొందరపెట్టలేదు. మొదట నిద్రకి మందిచ్చింది, ఆ నీళ్లు కమ్ముకున్నప్పుడు కాళ్లు నేలకి ఆనించి గదిలో వస్తువుల పేర్లు పైకి చెప్పడం నేర్పింది. పడవ మాట అతనే ఎత్తేదాకా ఆగింది. ఒకరోజు నన్నూ లోపల కూచోమన్నాడు. ఒడియాలో మొదలుపెట్టాడు. చెక్క దగ్గరికి వచ్చేసరికి నా వైపు తిరిగి తెలుగులోకి వచ్చేశాడు. డాక్టరమ్మకి తెలుగు రాదు. అయినా ఆవిడ అతన్ని ఆపలేదు.

"మావా నానూ ఒకటే సెక్క పట్టుకున్నాం అమ్మీ. అది ఇద్దర్నీ మొయ్యలేదు. ములిగిపోతన్నాది. నాను మావ సెయ్యి గట్టిగానే పట్టుకున్నాను. మావ నా మొకం సూసినాడు. 'ఒడ్డుకాడ పిల్ల సూస్తన్నాదిరా, నువ్వెల్లు' అన్నాడు. నా సేతి ఏళ్లు ఒక్కొక్కటీ ఇప్పీసినాడు. నానొగ్గలేదు. మావే ఇప్పీసినాడు."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు సెప్పలేదు బావా? పిరికోడంటే పడ్డావేటి?"

"అత్తకేటని సెప్పను? సముద్రం తీసుకుపోయినాదనుకుంటే సముద్రాన్ని తిట్టుకుంటాది. తనంతట తనే ఎల్లిపోయినాడంటే ఎవుల్ని తిట్టుకుంటాది?"

అప్పుడు ఏడ్చాడు. కుర్చీలోంచి కింద కూచుండిపోయి, డాక్టరమ్మ బల్లకి తల ఆనించి ఏడ్చాడు.

ఆ తర్వాత బావ తేరుకోవడం కళ్లకి కనబడింది. తలమీద చెంబుతో నీళ్లు పోసుకున్నాడు. రెండో చెంబు కూడా పోసుకున్నాడు. కొన్ని వారాలకి, చెప్పాల్సిన మాట తనే చెప్తానని అమ్మనీ అక్కనీ కూచోబెట్టి చెప్పాడు. నేను గుమ్మంలో ఉన్నాను.

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కొంగు తీసి, "ఆయన అలగే సేస్తాడు" అంది. లేచి వెళ్లి బావ తల రెండు చేతులతో పట్టుకుని, "నువ్వు బతికినావు కదా నాయినా. ఆయన కోరుకున్నాదే అయినాది" అంది.

అక్క కదల్లేదు. "పిల్ల సూస్తన్నాదని అన్నాడా? నన్నేనా?" అని అడిగింది. బావ తలూపాడు. "అయితే నా కోసం పోయినాడేటి? నా మొగుడు నాకుండాలని నాన్న పోయినాడేటి?"

నిజం తెలిస్తే అందరికీ బరువు దిగుతుందని అనుకున్నాను. బావకి దిగింది. అది అక్క మీద పడింది. ఆ రోజు నుంచి అక్క బావ మొహం చూడలేకపోయింది. కోపం కాదు. అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె అక్కడే పెట్టి బయటికి వెళ్లిపోయేది. "ఆడు మెతుకు నోట్లో ఎట్టుకుంటే నాకు నాన్నే కనిపిస్తన్నాడే. నానేటి సెయ్యను?" అని నా భుజం మీద పడి ఏడ్చేది. డాక్టరమ్మ దగ్గరికి రమ్మంటే కొన్నిసార్లు వచ్చింది. స్టాపులో నిలబడటం తగ్గింది, నిద్ర వచ్చింది. ఇది మాత్రం మారలేదు. "కొన్నిటికి మందు లేదమ్మా. రెండు దుఃఖాలు ఒకే ఇంట్లో ఇమడకపోవడం జబ్బు కాదు" అని డాక్టరమ్మే ఒప్పుకుంది.

సముద్రపు హోరు వినబడే చోట బావ ఎలాగూ ఉండలేకపోతున్నాడు. బరంపురం బడా బజార్లో ఒక బట్టల కొట్టు గోదాములో పని దొరికింది, అక్కడే చిన్న గది తీసుకున్నాడు. అక్క వెంట వెళ్లలేదు. ఎవరూ తగవాడలేదు. అమ్మ మాత్రం చేపలమ్మడం అయ్యాక, చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని, కూరా అన్నం పట్టుకుని అతని గదికి వెళ్లేది. ఆ నీచువాసన అతన్ని ఇబ్బంది పెడుతుందని ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంది.

కొన్నేళ్లు అలాగే గడిచాక, అక్కకి మళ్లీ పెళ్లి చేయాలన్న మాట వచ్చింది. మావాళ్లలో విడిపోయి మళ్లీ పెళ్లి చేసుకోవడం తప్పేమీ కాదు, కాకపోతే పెద్దల ఎదట ఇద్దరూ మాట చెప్పాలి. ఆ పెద్దలు కూచునేది ఒడ్డునే, వలల పాక దగ్గర. కబురు మాత్రం పంపితే చాలు, నువ్వు రానక్కర్లేదు అని బావకి చెప్పాను. మధ్యాహ్నం బస్సుకి వచ్చాడు.

సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాడు. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. కాళ్లు ఇసుకలో నొక్కి పెట్టి, పెదాలు కదుపుతూ ఏవో పేర్లు చెప్పుకుంటున్నాడు: పాక, తాడు, గంప, పాక. అతను చేస్తున్నదేమిటో అక్కడున్నవాళ్లలో నాకొక్కదానికే తెలుసు.

"నీకిష్టమేటిరా?" అని పెద్దాయన అడిగాడు.

"నన్ను సూసినంతకాలం దానికి నవ్వు రాదు పెద్దయ్యా. అది తప్పు సెయ్యలేదు, నాను తప్పు సెయ్యలేదు. దాన్ని ఎల్లనివ్వండి."

అక్క చీర చెంగు మొహం మీదికి లాక్కుంది. బావ దాని వైపు ఒక్కసారి చూసి, రోడ్డు వైపు నడిచాడు. పరిగెత్తలేదు. పిరికోడన్నవాళ్లలో ఇద్దరు లేచి నిలబడి దారిచ్చారు. పరిగెత్తకుండా నడవడానికి అతనికి ఎంత పట్టిందో వాళ్లకి తెలిసే వీలు లేదు.

అక్కని ఛత్రపూర్‌లో ప్రభుత్వ కచేరీల దగ్గర టీ కొట్టు నడిపే ఒక మంచి మనిషికిచ్చారు. మరుసటేడు ఆడపిల్ల పుట్టింది. ఎవరో చెప్పగా వినడం కన్నా మేలని బడా బజారు వెళ్లి నేనే బావకి చెప్పాను. గోదాములో బట్టల తానుల మధ్య కూచుని విన్నాడు. లోపలికి వెళ్లి, ఉతికి ఉతికి మెత్తబడ్డ తన పాత పంచె ఒకటి మడతపెట్టి తెచ్చాడు.

"పసిపిల్లకి కొత్తబట్ట గరుకుగుంటాది. ఉయ్యాలకి ఇదైతే బాగుంటాది. నానిచ్చినానని సెప్పకు" అన్నాడు.

చెప్పలేదు. అక్క దాన్ని చేతుల్లోకి తీసుకుని, అంచు చూసి, ఎవరిచ్చారని అడగలేదు. ఆ సాయంత్రమే ఉయ్యాల కట్టింది. ముడి వేసి, బిగిసిందో లేదోనని మళ్లీ మళ్లీ లాగి చూస్తూ, నాకు కనబడకుండా గోడ వైపు తిరిగి నిలబడింది.